చూడని పేజీ ఒక్కటి పరీక్షలో ఇవ్వండి

సంపాదకుల గారికి,

నమస్కారం. ఎం.ఏ. తెలుగులో చేరేవాళ్లు తగ్గిపోతున్నారు, ఈ కాలం పిల్లలకు మాతృభాష మీద అభిమానం లేదు అంటూ మీ ఆదివారం పేజీలో ఒక పెద్దాయన రాసిన వ్యాసం చదివినాను. ఆయన బాధలో అబద్ధం లేదు, కానీ కారణం దగ్గరే నాకు పేచీ. నేను కడపలో తెలుగు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నదాన్ని. పగలు డిగ్రీ కాలేజీలో, సాయంత్రాలు ఇంటి దగ్గర. దూరవిద్యలో ఎం.ఏ. కట్టినవాళ్లు, డీఎస్సీకి, నెట్‌కు (లెక్చరర్ అర్హత పరీక్షకు) తయారయ్యేవాళ్లు వస్తుంటారు. వీళ్లలో అభిమానం లేనివాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. అభిమానం లేకపోతే ఇంట్లో తిట్లు తిని మరీ ఈ సబ్జెక్టు ఎందుకు తీసుకుంటారు? అసలు గొడవ చదివించే తీరులో ఉంది. తెలుగు ఎం.ఏ. అని పేరు పెట్టి వాళ్ల చేత మనం బట్టీ పట్టిస్తున్నది తెలుగు గురించి ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన పాయింట్లు. రెండేళ్లలో ఒక్క కవితనైనా మొదలు నుంచి చివరిదాకా చదవకుండా, ఒక్క వాక్యాన్నైనా విప్పి చూడకుండా ఫస్ట్ క్లాసులో బయటపడొచ్చు. పడుతున్నారు కూడా.

ఏడురోడ్ల దగ్గర ఏ పుస్తకాల షాపులో అడిగినా గైడు దొరుకుతుంది. అందులో ఆధునిక సాహిత్య ఉద్యమాలు అని ఒక భాగం. భావకవిత్వం తీయండి: నిర్వచనం, విమర్శకుల అభిప్రాయాలు, ఆ తర్వాత లక్షణాలు. ఆత్మాశ్రయత, ప్రకృతి ప్రేమ, అమలిన శృంగారం, స్మృతి కవిత్వం, దేశభక్తి, ఒక్కోదాని కింద రెండు లైన్ల ఉదాహరణ. రాయప్రోలు 'తృణకంకణం' 1913, కృష్ణశాస్త్రి 'కృష్ణపక్షం' 1925 అని సంవత్సరాలు లావు అక్షరాల్లో. నాలుగు పేజీలు తిప్పితే అభ్యుదయ కవిత్వం, మళ్లీ నిర్వచనం, మళ్లీ లక్షణాలు, 1943లో తెనాలిలో అరసం (అభ్యుదయ రచయితల సంఘం). ఇంకో నాలుగు తిప్పితే దిగంబర కవులు, ఆ వెనకే 1970లో విరసం (విప్లవ రచయితల సంఘం), ఆ తర్వాత స్త్రీవాదం, దళితవాదం, మైనారిటీ వాదం. "మేడం, సామాజిక స్పృహ అనే పాయింటు ఏ ఉద్యమం కింద రాసినా మార్కులు పడతాయి" అని ఒకబ్బాయి నాకే చిట్కా చెప్పినాడు. నిజమే, పడతాయి.

దిగంబర కవుల సంగతే చూడండి. 1965లో హైదరాబాదులో వాళ్ల మొదటి సంపుటిని ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేసినారు. ఆయన పేరు మా పిల్లలందరికీ తెలుసు, ఎందుకంటే అది బిట్టు. ఆరుగురు కవుల కలం పేర్లూ తెలుసు, అదీ బిట్టే. మూడు సంపుటాలు వచ్చిన సంవత్సరాలు నిద్రలో లేపి అడిగినా చెప్తారు. మరి స్వాతంత్య్రం వచ్చి ఇరవై ఏళ్లయినా నిండకముందే ఆ ఆరుగురికి అంత కసి ఎక్కడ నుంచి పుట్టింది, మంత్రులనూ పండితులనూ వదిలేసి రిక్షా తొక్కే మనిషినే ఎందుకు పిలిచినారు అని అడిగితే ఒక్కరూ నోరు తెరవరు. పిల్లల తప్పు కాదు, ఆ ప్రశ్న వాళ్లను ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఆ సంపుటాల్లోది ఒక కవిత జిరాక్స్ తీసి పంచితే, "ఇట్ల కూడా రాయొచ్చా మేడం?" అన్నారు. నా లెక్కలో దిగంబర కవిత్వం మీద పాఠం ఆ ప్రశ్నతో మొదలవుతుంది. గైడులో అది ఎక్కడా లేదు.

భాషాశాస్త్రం పేపరు ఇంకా ఘోరం. వర్ణం, సవర్ణం, పదాంశం, సపదాంశం అని ఒకదాని వెంట ఒకటి నిర్వచనాలు. "అర్థవంతమైన అతి చిన్న భాషా విభాగం పదాంశం" అని గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పిన అమ్మాయిని, సరే, మీ ఇంట్లో 'యాడికి పోతాండావు' అంటారు కదా, ఆ 'పోతాండావు'ను ముక్కలు చేసి చూపించు అంటే బిక్కమొహం వేసింది. ఆ అమ్మాయి దృష్టిలో అది భాషే కాదు, యాస. భాషాశాస్త్రం పుస్తకంలో ఉండేది, 'పోతాండావు' ఇంట్లో ఉండేది, ఈ రెండింటికీ సంబంధం ఉంటుందని రెండేళ్ల కోర్సులో ఎవరూ చెప్పలేదు. కత్తి-కత్తులు, పులి-పులులు, మనిషి-మనుషులు అని మూడేళ్ల బిడ్డ కూడా తప్పు లేకుండా మాట్లాడుతుంది కదా, ఏకవచనం చివర ఉండే 'ఇ' బహువచనం 'లు' ముందు 'ఉ' ఎందుకు అవుతోంది, 'మనిషి'లో అయితే మధ్యలో ఉన్నది కూడా ఎందుకు మారింది అని బోర్డు మీద రాసి వదిలేస్తే అరగంటలో సూత్రం వాళ్లే చెప్పినారు. వెనకాల వచ్చే అచ్చు ముందున్న అచ్చును తన దారికి తెచ్చుకుంటుందని తెలిసినాక, దానికి స్వరసమత అనే పేరు చివర్లో చెప్పినాను. ముందే పేరు చెప్పి ఉంటే రాసుకుని పుస్తకం మూసేసేవాళ్లు.

ఇంకో క్లాసులో మూడు వాక్యాలు రాసినాను. అక్క వచ్చింది. ఎనుము (గేదె) వచ్చింది. బస్సు వచ్చింది. పక్కన నాలుగోది, అన్న వచ్చినాడు. ఏం కనపడుతోంది అని అడిగినాను. కాసేపు గుసగుసలు, నవ్వులు. తర్వాత బహువచనం చేయమన్నాను. అక్కలు వచ్చినారు, అన్నలు వచ్చినారు, ఎనుములు వచ్చినాయి, బస్సులు వచ్చినాయి. అప్పుడు వెనక బెంచీలో నుంచి ముద్దనూరు అమ్మాయి లేచి, "అంటే మేడం, ఒక్కతే ఉంటే ఎనుముల్లో లెక్క, గుంపుగా ఉంటేనే మనుషుల్లో లెక్కా?" అనింది. క్లాసంతా గొల్లుమనింది గానీ, తెలుగు లింగ వ్యవస్థను ఇంతకంటే సూటిగా చెప్పిన వాక్యం నేను ఏ వ్యాకరణంలోనూ చూడలేదు. ఏకవచనంలో మగ ఒకవైపు, మిగతాదంతా ఇంకోవైపు. బహువచనంలో మనుషులు ఒకవైపు, మిగతాదంతా ఇంకోవైపు. హిందూపురం వైపు నుంచి వచ్చిన పిల్లవాడు, కన్నడంలో అట్ల కాదు మేడం, అక్కకు 'బందళు' అని వేరే ఉంది అన్నాడు. తమిళంలోనూ ఆడవాళ్లకు వేరే రూపం ఉంది. మరి మొదట్లో ద్రావిడ భాషలన్నిటికీ ఉన్నది మన పద్ధతా వాళ్లదా అన్న దాని మీద పండితులు చాలాకాలంగా వాదించుకుంటున్నారు, భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారు 2003లో ఇంగ్లీషులో వేసిన ద్రావిడ భాషల పుస్తకంలో కూడా ఆ చర్చ ఉంది. ఆ వాదం ఏంటో తెలుసుకోవాలని ఆ పూట పిల్లలకు నిజంగా అనిపించింది. మరుసటి రోజు స్త్రీవాద కవిత్వం పాఠం. 'నీలిమేఘాలు' సంకలనం 1993లో వచ్చిందని చెప్పి ఊరుకోకుండా అందులోవి రెండు కవితలు చదివించినాను. ముందు రోజు నవ్విన మగపిల్లలు ఈసారి నవ్వలేదు.

ఇక్కడికి వచ్చినాక నా అసలు మాట చెప్తాను. మన దగ్గర భాషాశాస్త్రం ఒక పేపరు, సాహిత్య ఉద్యమాలు ఇంకో పేపరు. ఒకదాన్ని చెప్పే లెక్చరర్ రెండోదాని జోలికి పోడు. ఒకే ఇంట్లో ఉంటూ మాట్లాడుకోని అన్నదమ్ముల లెక్క. కవిత్వం రాసింది మాటలతోనే కదా? ఆ మాటలు ఎట్ల పనిచేస్తాయో ఒక గదిలో చెప్పి, అవి ఏం చేసినాయో ఇంకో గదిలో చెప్తే, రెండూ పిల్లలకు అందవు.

నేను, మేము, మనం — ఈ మూడు సర్వనామాలు చాలు చూపించడానికి. వినేవాణ్ని కలుపుకుంటే మనం, బయట పెడితే మేము. ఈ తేడా హిందీలో లేదు, ఇంగ్లీషులో లేదు, ఇప్పటి కన్నడంలో కూడా పోయింది; తమిళంలో ఉంది, మనకు ఉంది. వ్యాకరణం పుస్తకంలో ఇది ఒక లైను. ఇప్పుడు దీన్ని పట్టుకుని ఉద్యమాల్లోకి రండి. భావకవిత్వం 'నేను' కవిత్వమనీ, అభ్యుదయ కవిత్వం 'మనం' కవిత్వమనీ గైడు చెప్తుంది. పిల్లలు నమ్ముతారు. అయితే శ్రీశ్రీ 1933లో రాసిన 'జయభేరి' తీసి చూడమన్నాను. ఎక్కడ చూసినా 'నేను'. మరి ఇది ఆత్మాశ్రయ కవిత్వమా? ఒకడు అవునన్నాడు, ఇద్దరు కాదన్నారు, గొడవ పడినారు. చివరకు ఒకమ్మాయి, కృష్ణశాస్త్రి 'నేను' లోకం నుంచి పక్కకు పోతుంది మేడం, శ్రీశ్రీ 'నేను' లోకంలోకి పోతుంది అని చెప్పింది. దాని మీద నాకు కొంచెం అభ్యంతరాలున్నాయి, కృష్ణశాస్త్రిని అంత తేలిగ్గా తోసేయడం నాకు నచ్చదు, అయినా అది ఆ అమ్మాయి సొంతంగా కవితలు చదివి కట్టుకున్న వాక్యం, ఏ గైడులోనూ లేదు. తర్వాత దళిత కవితలకు వచ్చినాం, 1995 నాటి 'చిక్కనవుతున్న పాట' సంకలనం నుంచి. కవి 'మేము' అన్నచోట 'మనం' పెట్టి చదవండి, ఏమవుతుందో చూడండి అన్నాను. కవిత కూలిపోతుంది. ఆ 'మేము' చదివేవాణ్ని బయట నిలబెట్టి మాట్లాడుతోంది, నువ్వెటు అని అడుగుతోంది, అందుకే దానికి ఆ పదును. ఇంగ్లీషులోకి తెస్తే ఈ సంగతి పూర్తిగా మాయమవుతుంది. దళితవాద లక్షణాలు అని పది పాయింట్లు రాసినా ఇది రాదు, సర్వనామాల నిర్వచనం పది సార్లు రాసినా రాదు, రెండూ ఒకచోట పెడితే ఒక్క పీరియడ్‌లో వస్తుంది.

మన యాస మీద ఇంకో మాట. ఆగస్టు 29 వస్తే గిడుగు రామమూర్తి గారి ఫొటోకు దండ వేస్తాం, కాలేజీల్లో వ్యాసరచన పోటీలు పెడతాం. 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణం, ఆ తర్వాత గ్రాంథిక వ్యావహారిక వాదాలు, జయంతి రామయ్య పంతులు ఒకవైపు, గిడుగు, గురజాడ ఇంకోవైపు, ఇదంతా పిల్లలకు కంఠతా వచ్చు. గిడుగు వారు గ్రాంథికమే రాయాలన్న పండితుల రాతల్లోనే తప్పులు పట్టి చూపించిన మనిషి, ఎవరూ పట్టించుకోని సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే బడి పుస్తకాలు రాసిన మనిషి. ఆయన మీద పది మార్కుల వ్యాసం రాస్తూ మా క్లాసు అబ్బాయి ఒకడు "గిడుగు చెప్పినాడు" అని రాసినందుకు ఆ 'చెప్పినాడు' కింద ఎర్ర గీత పడింది. పేపరు దిద్దింది ఎవరో నాకు తెలియదు, తెలుసుకుని చేసేదీ లేదు. ఆ దిద్దినవారికి తెలియాల్సింది ఒకటుంది. చెప్పినాడు, వచ్చినాడు అన్నవే పాత రూపాలు, కావ్యాల్లో ఉన్నవీ అవే. మధ్యలో 'ఇన' జారిపోయి కోస్తాలో 'చెప్పాడు, వచ్చాడు' అయినాయి. చదువుకున్నవాళ్లూ పత్రికలూ ఆ రూపాన్ని ఎత్తుకున్నారు కాబట్టి అది ప్రమాణమైంది. అందులో ఎవరి కుట్రా లేదు, భాషలు అట్లాగే నడుస్తాయి, కానీ మా పిల్లవాడి రూపం మాత్రం తప్పు కాదు. కృష్ణమూర్తి గారు తెలుగును ఉత్తర, దక్షిణ, తూర్పు, మధ్య మాండలికాలని నాలుగుగా విడదీసినారు, రాయలసీమది దక్షిణ మాండలికం. ఈ విభజన అందరి నోట్సులోనూ ఉంది. తను మాట్లాడేది ఆ నాలుగింటిలో ఒకటి అని తెలిసి కూడా సిగ్గుపడే పిల్లలు తయారవుతున్నారంటే మనం చెప్పే భాషాశాస్త్రం ఎందుకు పనికొచ్చినట్టు?

కడప జిల్లాలో ఉండి ఇట్ల చదివించడం మరీ అన్యాయం. తెలుగులో దొరికిన మొదటి శాసనం కలమళ్లలో ఉంది, యర్రగుంట్ల దాటితే థర్మల్ పవర్ స్టేషన్ పక్క ఊరు. రేనాటి చోళుల ధనంజయుడిది, క్రీ.శ. 575 నాటిదని పండితులు తేల్చినారు. 'రేనాండు' ఏలుతున్నట్టు అందులో ఉంటుంది, అంటే మనం ఉండే ఈ నేలే. ఆ కాలపు శాసనాల్లో ఱ మాత్రమే కాదు, ఴ అని ఇంకో అక్షరం కూడా ఉండేది, చోఴ అనే మాటలో ఉన్నది అదే. తమిళంలో ఆ ధ్వని ఇంకా బతికుంది, మనకు పోయింది, పోయిన చోటల్లా జాడ వదిలిపెట్టింది. తమిళంలో ఏఴు అంటే మనం ఏడు అంటాం, వాళ్ల పొఴుదు మనకు ప్రొద్దు, చోఴ మనకు చోడ. అనంతపురం వైపు పిల్లలకు కన్నడం ఎట్లాగూ వస్తుంది: పాలు-హాలు, పులి-హులి, పువ్వు-హూవు రాయించండి, పాత 'ప' కన్నడంలో 'హ' అయిందని వాళ్లే పట్టుకుంటారు. చెవి-కివి, చేయి-కై రాయించండి, ఈసారి మారింది మనమే అని కూడా పట్టుకుంటారు. రెండు-ఇరండు, రోలు-ఉరల్ రాయిస్తే మాట ముందున్న అచ్చు వెనక్కి జరగడం చూసి ఆశ్చర్యపోతారు, ఇది తెలుగుకూ, గోండి, కుయి లాంటి దాని దగ్గరి చుట్టాల భాషలకూ అబ్బిన అలవాటు. "తెలుగు ద్రావిడ భాష అని చెప్పిందెవరు" అన్న బిట్టుకు ఎల్లిస్ 1816, కాల్డ్వెల్ 1856 అని గుర్తుపెట్టుకోవడం కంటే ఇది సులభం, తొందరగా మర్చిపోరు కూడా.

అన్నట్టు, అనంతపురం దత్తమండల కాలేజీలో పనిచేసిన చిలుకూరి నారాయణరావు గారు 1937లో 'ఆంధ్రభాషా చరిత్రము' రాసి, తెలుగు ద్రావిడం కాదు ప్రాకృతం నుంచి వచ్చిందని వాదించినారు. 1928లో నంద్యాల సభలో మనకు రాయలసీమ అన్న పేరు పెట్టించింది కూడా ఆయనే. ఆయన ప్రాకృత వాదాన్ని ఇప్పుడు భాషాశాస్త్రజ్ఞులు ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడానికి కారణం ఏంటి, సంస్కృత ప్రాకృత పదాలు వేలకొద్దీ ఉన్నా సర్వనామాలు, అంకెలు, క్రియల చివర్లు ఎందుకు ఎక్కువ సాక్ష్యమిస్తాయి అని చెప్పడానికి ఆయన పుస్తకమే మంచి పాఠం. ఓడిపోయిన వాదాన్ని చదివితేనే గెలిచిన వాదం ఎందుకు గెలిచిందో తెలుస్తుంది. మన సిలబస్‌లో ఆయన ఒక పేరు, ఒక సంవత్సరం.

కడప క్లాసురూముల్లో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు ఎప్పుడూ ఉంటారు. 'వస్తానని చెప్పినాడు' అనేదాన్ని వాళ్లు 'ఆతూ బోల్కే బోల్యా' అంటారు. ఆ 'బోల్కే' కూర్చున్న చోటు చూడండి, అచ్చం మన 'అని' కూర్చునే చోటు. ఉత్తరాది హిందీలో అయితే 'కి' వచ్చి వాక్యం తిరగబడుతుంది. మాటలు ఉర్దూవి, కట్టుబడి మాత్రం మన దక్షిణాదిది. భాషా సంపర్కం అనే అధ్యాయానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉందా? కానీ గైడులో ఆ అధ్యాయం కింద 'బస్సు, రోడ్డు, టేబులు' అని ఆదాన పదాల జాబితా ఉంటుంది, అంతే. ఈ సంగతి తెలిసినాక ఆ పిల్లల చేత మైనారిటీ కవితలో కథలో చదివించి చూడండి, 1998లో వచ్చిన 'జల్‌జలా' కవితలు గానీ, మన వేంపల్లె షరీఫ్ రాసిన 'జుమ్మా' కథలు గానీ. ఫుట్‌నోట్లు వాళ్లే చెప్తారు.

మరి ఉద్యమాల పటంలో మనం ఎక్కడున్నాం? ఆ వరస కోస్తాలోనో హైదరాబాదులోనో నిలబడి గీసింది, సీమను అందులో కూర్చోబెట్టాలంటే ఎక్కడో ఒకచోట చెయ్యో కాలో బయట ఉండిపోతుంది. పుట్టపర్తి నారాయణాచార్యులు గారి 'శివతాండవం' ఏ వాదం కిందికి వస్తుంది? గైడు ఆయన్ను సంప్రదాయ కవి అని ఒక మాటతో పంపించేస్తుంది. విద్వాన్ విశ్వం 1956లో వేసిన 'పెన్నేటి పాట' అభ్యుదయమా, కరువు కావ్యమా, నది మీద ప్రేమా? అన్నీ కొంచెం కొంచెం, ఏదీ పూర్తిగా కాదు, అందుకే గైడుకు అది కష్టం. 1968లో ఇదే కడప నుంచి రాచమల్లు రామచంద్రారెడ్డి గారు 'సంవేదన' నడిపినారు. తెలుగులో మొహమాటం లేకుండా, వాచకాన్ని ముందు పెట్టుకుని విమర్శ రాయడం ఎట్లాగో చూడాలంటే ఆయన్ను చదవాలి. మార్క్సిస్టు అయి ఉండి కూడా కవిత్వం బాగాలేకపోతే బాగాలేదనే రాసినారు, ఎవరి జెండా ఏదని చూడలేదు. ఆయన 'అనువాద సమస్యలు' పుస్తకానికి 1988లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిందని మా పిల్లలకు తెలుసు. పుస్తకం చూసినవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్క.

సరే, తిట్టింది చాలు, ఏం చేయాలంటే చెప్తాను. యూనివర్సిటీల సిలబస్ కమిటీల్లో ఉన్నవాళ్లు ఎవరైనా మీ పత్రిక చదువుతుంటే నాది ఒకే కోరిక. ప్రతి సెమిస్టరులో, భాషాశాస్త్రం పేపరులో ఒకటి, సాహిత్యం పేపరులో ఒకటి, పిల్లలు ముందెన్నడూ చూడని పేజీ ఇవ్వండి. సాహిత్యంలో అయితే కవి పేరు తీసేసిన ఒక కవిత, లేదా కథలో ఒక పేజీ. ఎవరు రాసినారో చెప్పనక్కర్లేదు, ఇందులో మాట్లాడుతున్నది ఎవరు, ఎవరితో, ఏ మాటలు ఎందుకు అట్ల వాడినారు, ఏ కాలపుది అనిపిస్తోంది, ఎందుకు అనిపిస్తోంది. భాషాశాస్త్రంలో అయితే నెల్లూరువో శ్రీకాకుళానివో మనవో ఒక పది వాక్యాలు, లేదా శాసనంలో నాలుగు లైన్లు అర్థంతో సహా. ఏం కనపడుతోందో రాయమనండి. మిగతా ప్రశ్నలన్నీ ఎప్పటిలాగే ఉంచుకోండి.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు, స్టాఫ్ రూముల్లో వింటూనే ఉంటాను. కీ ఎట్ల ఇస్తారు, వాల్యుయేషన్‌లో ఒకరు పది వేస్తే ఇంకొకరు రెండు వేస్తారు అంటారు. ఇప్పుడు వ్యాసాలకు పడుతున్న మార్కుల్లో ఆ తేడా లేదా? కారణం చూపిస్తే మార్కు, చూపించకపోతే లేదు అన్న ఒక్క సూత్రం పెట్టుకుంటే చాలు. పిల్లలు టెన్షన్ పడతారు అంటారు. మొదటి సంవత్సరం పడతారు, అందుకే ఆ ప్రశ్నకు మార్కులు తక్కువ పెట్టండి. గైడువాళ్లు వెంటనే 'చూడని పేజీలు, సమాధానాలతో సహా' అని పుస్తకం వేస్తారు అని ఒక కొలీగ్ నవ్వినారు. వేయనీండి, ఆ వంకనైనా గైడులో నాలుగు కవితలు పూర్తిగా అచ్చవుతాయి. ఇక ఉద్యోగాల మాట, అది నేను కాదనలేను. నెట్‌లో సబ్జెక్టు పేపరు వంద ప్రశ్నలూ బిట్లే, డీఎస్సీ అంతే, బిట్లు రాకపోతే పిల్లలకు అన్నం రాదు. నేను కూడా సాయంత్రాలు బిట్లే చెప్తున్నాను, ఆ ఫీజుతోనే మా ఇల్లు నడుస్తోంది. కానీ బిట్లు నేర్పడానికి కోచింగులు ఉన్నాయి. కాలేజీ కూడా అదే చేస్తే, ఇంక కాలేజీ దేనికి? సివిల్స్‌లో తెలుగు ఆప్షనల్ తీసుకునేవాళ్లను చూడండి, అక్కడ ఇచ్చిన పద్యం మీద వ్యాఖ్య రాయాలి, మన ఎం.ఏ. పిల్లలు బిట్లకు అలవాటు పడి అక్కడ తేలిపోతున్నారు.

ఇంటర్నల్ మార్కులు ఇప్పుడు హాజరుకు, అసైన్‌మెంట్ పేరుతో గైడులో నుంచి దించినదానికి వేస్తున్నారు. వాటిని ఊళ్లోకి పంపండి. కృష్ణమూర్తి గారు 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం తెచ్చినారు, 1971లో చేనేత పదాలది వచ్చింది. ప్రొద్దుటూరులో, మాధవరంలో మగ్గాల ఇళ్ల నుంచి వచ్చే పిల్లలు మా దగ్గర ఉన్నారు. పడుగు, పేక, నాడె అన్న మాటలు వాళ్లకు పుస్తకంలోవి కావు, పొద్దున లేస్తే చెవిన పడేవి. మరమగ్గాలు వచ్చినాక ఏ మాటలు పోయినాయి, ఏవి కొత్తగా వచ్చినాయి అని నాయననో జేజినో అడిగి రాసుకుని రమ్మంటే అది నిజమైన పరిశోధన. ఊళ్ల పేర్ల మీద కేతు విశ్వనాథరెడ్డి గారు పీహెచ్‌డీ చేసింది ఈ జిల్లాలోనే. కడప బస్టాండులో నిలబడి బోర్డులు చదివినా చాలు, జమ్మలమడుగు, ఒంటిమిట్ట, యర్రగుంట్ల, మడుగు ఏది మిట్ట ఏది గుంట ఏది అని అడగడం మొదలుపెడితే సగం జిల్లా భూగోళం బయటికి వస్తుంది. బ్రౌన్ దొర 1820లో ఇక్కడికి ఉద్యోగానికి వచ్చి, తెలుగు నేర్చుకుని, తాళపత్రాలు పోగేసి, 1829లో వేమన పద్యాలు అచ్చు వేసినాడు. ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం ఉంది, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పుణ్యాన. కడపలో తెలుగు చదువుతూ ఆ గడప తొక్కని పిల్లలు ఉన్నారంటే నమ్ముతారా? ఒక్క అసైన్‌మెంట్ అక్కడ కూర్చుని రాయాల్సి వస్తే తొక్కుతారు. ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సు ఇప్పుడు ఉచితమే కాబట్టి ఖర్చు సాకు కూడా లేదు.

ఉత్తరం పొడుగైంది, మీకు జాగా లేకపోతే మధ్యలో ఎక్కడైనా కోసుకోండి, శాసనాల పేరా తీసేసినా నాకు అభ్యంతరం లేదు. ఒక్క మనవి మాత్రం. నేను 'చెప్పినాడు, వచ్చినారు' అని రాసిన చోట్ల మీ డెస్కువాళ్లు 'చెప్పాడు, వచ్చారు' అని దిద్దకుండా చూడండి.

ఇట్లు,
ఒక తెలుగు లెక్చరర్,
కడప